సున్నపు రాళ్ళ దాకా మా ఊరు

నిరుడు మా మున్సిపాలిటీ నుంచి ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చారు. ఊరికి పురపాలక హోదా వచ్చి చాలా ఏళ్ళయిందని ఒక పుస్తకం వేస్తున్నారట, అందులో పట్టణ చరిత్ర, భౌగోళిక స్వరూపం అంటూ నాలుగు పేజీలు నన్ను రాసిమ్మన్నారు. కథలు రాసే ముసలమ్మ ఊళ్ళో ఒక్కతే ఉంటే ఇలాంటివి తప్పవు. "నిజం రాయాల్నా బిడ్డా, మంచిగ రాయాల్నా?" అని అడిగాను. అందులో ఒకడు నవ్వి, "రెండూ ఉండాలె మేడం, ఫొటోలకు జాగ కూడా ఉండాలె" అన్నాడు. సరేనని రాసిచ్చాను. వానలు ఎంత తక్కువ, కాలువ ఎప్పుడు వచ్చింది, చెరకు ఏ నేలలో పండుతుంది, పసుపు ఏ నేలలో ఊరుతుంది, అంతా బుద్ధిగా రాశాను. అచ్చువేశారు, శాలువా కప్పారు. ఆ నాలుగు పేజీల్లో పట్టనిది నా లోపల ఉండిపోయింది. అసలు చరిత్ర అదే, అసలు భూగోళమూ అదే.

మా గుండ్లపేట బోధన్‌కు బండి మీద పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి చేరేంత దూరం. ఊరికి ఒకవైపు నిజాంసాగర్ కాలువ, ఇంకోవైపు నల్లగుండ్ల మిట్ట. ఆ మిట్ట మీద మిట్టపల్లి. కాలువ నీళ్ళు మా పొలాలన్నీ తడుపుకుంటూ వచ్చి, మిట్ట పాదం దగ్గర బుద్ధిగా పక్కకు మళ్ళిపోతాయి. నీళ్ళు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. మాకు వరి, చెరకు, పసుపు. వాళ్ళకు జొన్న, కంది, తంగేడు పొదలు, సీతాఫలాలు, రాళ్ళు. మా చెరకు కొట్టడానికి వాళ్ళు దిగి వచ్చేవాళ్ళు. ఆకులు కోసుకుపోయి చేతులనిండా గీరలతో, నెత్తుటి చారలతో సాయంత్రం మా అరుగు ముందు కూలికి నిలబడేవాళ్ళు. "మిట్టోళ్ళు" అని మేము అనేవాళ్ళం, ఆ మాటలో ఎంత చులకన ఉందో అనేవాళ్ళకు తెలియదు. అయితే నన్ను కన్నతల్లి, మా అవ్వ, ఆ మిట్టోళ్ళ పిల్లే. ఇంట్లో పద్ధతి ప్రకారం మా అక్క గంగామణిని తిరిగి అవ్వ అన్న కొడుక్కే, మా పోశెట్టి బావకే ఇచ్చారు. నీళ్ళున్న ఊరి నుంచి నీళ్ళులేని ఊరికి పిల్లనిచ్చాడని మా నాయనను, బాపును, అందరూ వింతగా చూశారు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో బావ మిట్ట దిగివచ్చి మా పెద్ద కడాయిల కింద చెరకాకు ఎగదోసేవాడు. ఆ ఘాటైన ఆవిరిలో ఒళ్ళంతా పచ్చబడి, తెల్లటి పళ్ళతో నవ్వేవాడు. నాకు ఆయన మొహం ఇప్పటికీ ఆ రంగులోనే గుర్తుంది.

బాపుకు ముక్కు మీద కోపం. అది మామూలు మాట, అసలు ఆయన చెయ్యి ఎప్పుడూ గాల్లోనే ఉండేది. ఎడ్లను ముల్లుకర్రతో, మా అన్న సాయిలును నాగలి పగ్గంతో, అవ్వను ఏది దొరికితే దానితో. గానుగ ఆడే కాలంలో బెల్లం పాకం వాసనా, అన్న వీపు మీద రాసిన ఆముదం వాసనా మా ఇంట్లో కలిసే ఉండేవి. కొట్టిన రోజు రాత్రి అన్నానికి కూర్చుని, "తినుండ్రి, తినుండ్రి" అని అందరికీ తానే వడ్డించేవాడు. అది ప్రేమే. ఆ ప్రేమ ముద్దను నేను నీళ్ళతో మింగేదాన్ని. అన్న దెబ్బలు తిని తిని, ఆ దెబ్బలను ఎవరికి అప్పగించాలా అని చూసేవాడిగా తయారయ్యాడు. అక్కకంటే చిన్నవాడు, నాకంటే పెద్దవాడు. ఎడ్లు మొదట దొరికాయి.

మాకు మున్సిపాలిటీ వచ్చింది ఆ రోజుల్లోనే. నిజాం పోయి, రాష్ట్రం మారి, పట్వారీల పెత్తనం కొంచెం తగ్గి, గుండ్లపేటకు ఉన్నట్టుండి పట్టణమన్న పేరొచ్చింది. పేరుకు తగ్గ జాగా కావాలి కదా. పశువుల అంగడికి, వల్లకాటికి, రాళ్ళు కొట్టుకోవడానికి అని చెప్పి సర్వే వాళ్ళు గొలుసులు పట్టుకుని మిట్ట ఎక్కారు. వాలంతా కొలిచి, మిట్టపల్లి ఇళ్ళ వెనకగోడల దగ్గర సున్నం పూసిన హద్దురాళ్ళు పాతి దిగిపోయారు. మిట్టపల్లి ఊరు మాత్రం మున్సిపాలిటీలోకి రాలేదు. వాళ్ళ మేకలు మేసే వాలు మాదయింది, మా నల్లా నీళ్ళు వాళ్ళవి కాలేదు. బాపు మా వార్డుకు మెంబరయ్యాడు. తెల్ల టోపీ ఒకటి కొన్నాడు. ఇంట్లో ఆ టోపీని ముట్టుకున్నందుకు నేనూ ఒకసారి దెబ్బలు తిన్నాను.

ఇక్కడ పొలి సంగతి చెప్పాలి. ఇప్పటి పిల్లలకు ఊర పండుగంటే పెద్ద పెద్ద సౌండు బాక్సులే తెలుసు. ఆషాఢంలో అమ్మవారికి దున్నపోతును బలిచ్చి, ఆ నెత్తుటిలో అన్నం కలిపి గంపకెత్తేవాళ్ళు. అదే పొలి. గంప ఎత్తుకున్న మనిషి ఊరి పొలిమేర పొడుగునా ఆ అన్నం చల్లుకుంటూ, ఆగకుండా, వెనక్కి చూడకుండా పరుగెత్తాలి. చుట్టూ కట్టెలు పట్టుకున్న మగవాళ్ళు కాపు. పొలి పడిన గీతకు లోపలున్నది అమ్మ కాపాడుతుంది. గీతకు బయటికి గత్తరను, అంటే వాంతిబేదుల రోగాన్ని, మశూచిని, పశువుల రోగాన్ని తరిమేసినట్టు. తెల్లవారుజామున పొలి లేస్తే, పొద్దు గుంకేదాకా ఊళ్ళో పొయ్యి వెలగదు, తలుపు తెరుచుకోదు. దారులకు ముళ్ళకంప అడ్డం కొడతారు. లోపలివాళ్ళు బయటికి పోరాదు, బయటివాళ్ళు లోపలికి రారాదు. ఎవరు దాటినా వెళ్ళగొట్టిన రోగం వాళ్ళ కాళ్ళకు చుట్టుకుని తిరిగి వస్తుందని నమ్మకం. పక్క ఊళ్ళవాళ్ళు తమ హద్దులో కట్టెలతో నిలబడి, పొలి తమవైపు పడకుండా చూసుకోవడం కూడా ఎప్పటి నుంచో ఉన్నదే. కట్టెలు ఊపుకునేవాళ్ళు, బూతులు తిట్టుకునేవాళ్ళు, సాయంత్రానికి కల్లు తాగి నవ్వుకునేవాళ్ళు. అంతవరకే.

ఆ ఏడు బాపు పెద్దల కూటమిలో ఒక మాటన్నాడు. "ఊరు యాడిదాకనో అమ్మ గాడిదాక. సర్కారు రాయి పాతిందంటె గదే మన పొలిమేర. పొలి గా రాళ్ళ పొంటి పోవాలె." ఎవరూ కాదనలేదు. ఒక చైను పట్టుకున్న సర్వే మనిషి అమ్మవారికి కూడా హద్దు పెట్టగలడని మా వాళ్ళు నిజంగానే నమ్మారు. చదువుకున్నవాళ్ళూ నమ్మారు. సున్నపు రాళ్ళ పొడుగునా పొలి చల్లితే, వెళ్ళగొట్టిన గత్తర నేరుగా మిట్టపల్లి వెనకతలుపుల్లో పడుతుంది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదనను. తట్టింది, అయినా పోనీలే అనుకున్నారు.

మా అక్క మొదటి బిడ్డ ఆ ముందటేడే వాంతులూ బేదులూ పట్టుకుని పొద్దున్నుంచి మాపటిలోగా పోయింది. ఇంకా పేరు కూడా పెట్టలేదు. రెండో కాన్పుకు అక్క మా ఇంటికి వచ్చింది, కొడుకు పుట్టాడు. వాడు పురిటి గదిలో సాంబ్రాణి పొగలో పడుకుని ఉండగా, పండుగ వారముందనగా బావ వచ్చాడు. కొడుకును చూడటానికి వచ్చాడనుకున్నాం. చూశాడు కూడా. తర్వాత వాకిట్లో బాపు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మామా, రాళ్ళు సర్కారోళ్ళయి. అమ్మ మనందరిది. పొలి పాత హద్దు కాడ్నే మలుపుకోండ్రి" అన్నాడు.

"నువ్వు నాకు జెప్తవారా?"

"జెప్తలేను మామా, దండం బెడ్తున్న. ఒక పిల్లను బొందవెట్టిన. ఇగ ఇంకొకల్ని బెట్టే పానం నాకు లేదు."

బాపు లేచాడు. లేస్తూనే కాలి చెప్పు తీశాడు. వాకిట్లో పాలేర్లు, పసుపు ఏరుతున్న ఆడవాళ్ళు, పురిటి గది గడపలో అక్క, అందరూ చూస్తుండగా అల్లుణ్ణి చెంప మీద చెప్పుతో కొట్టాడు. ఒక్కసారి కాదు. బావ చెయ్యెత్తలేదు. రుమాలు కిందపడితే తీసి దులుపుకుని నెత్తికి చుట్టుకున్నాడు. "మీరు అస్తె మేము నిలబడ్తం మామా, గంతే" అని అక్కవైపు చూడకుండా వెళ్ళిపోయాడు. అవ్వ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. కొట్టింది ఆమె అన్న కొడుకుని, ఆమె చేతులతో ఎత్తుకున్న పిల్లవాణ్ణి.  ఆమె మౌనాన్ని మేమంతా అలవాటనుకున్నాం.

పొలి లేచిన పొద్దున ఇంట్లో ఆడవాళ్ళం తలుపులేసుకుని కూర్చున్నాం. వాన పడి వెలిసింది. చల్లని పొయ్యి, తడి గోడల వాసన, పసివాడి ఏడుపు. డప్పులు మిట్టవైపు ఎక్కుతున్నట్టు వినిపించింది. తర్వాత డప్పు ఆగింది. పొలి నడుస్తుండగా డప్పు ఆగకూడదు. అక్క పిల్లవాడికి పాలిస్తున్నదల్లా తలెత్తింది. దూరం నుంచి కేకలు, కట్టెకు కట్టె తగిలే చప్పుడు, కాసేపటికి అదీ లేదు. అప్పుడు పెరటి గోడ దూకి అన్న వచ్చాడు. ధోవతి మోకాళ్ళ దాకా నెత్తురు, అది దున్నపోతుదో మనిషిదో తెలియదు. చేతిలో కట్టె ఇంకా ఉంది, వేళ్ళు విడవడం లేదు.

"అక్కా, బావ పడిపోయిండు" అన్నాడు.

"ఎవలు గొట్టిండ్రు?"

"నేనే. గంప కిందికి గుంజిండు. నెత్తి మీద ఒక్కటేసిన. పడ్డంక గూడ ఏసిన. ఎందుకేసిన్నో నాకు ఎరుకలేదు."

అక్క ఏడవలేదు. చీరచెంగుతో పిల్లవాణ్ణి గుండెకు కట్టుకుంది. తలుపు గడియ తీసేసరికి బాపు బయటి నుంచి తోసుకుని లోపలికి వచ్చాడు. తలుపు మళ్ళీ మూసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. టోపీ లేదు, నుదురు చిట్లి ఉంది. "పొద్దు గుంకేదాక ఎవ్వలు గడప దాటద్దు. దాటితె గత్తర ఊరి మీదికి మల్తది. పచ్చి బాలింతవు, పో లోపటికి" అన్నాడు. అక్క, "బాపూ, నన్ను పోనియ్యి" అంది. ఆయన ఆమె మెడ పట్టి తోశాడు. పసివాడు కెవ్వుమన్నాడు. మళ్ళీ కొట్టడానికి బాపు చెయ్యి లేచింది.

ఆ చెయ్యి దిగలేదు. మూలన నిలబెట్టిన రోకలి అవ్వ ఎప్పుడు అందుకుందో నేను చూడలేదు. మణికట్టు మీద పడిన దెబ్బ చప్పుడు మాత్రం విన్నాను. ఎండిన కంప విరిగిన చప్పుడు. బాపు నోరు తెరిచి, ఆ చెయ్యి చూసుకుంటూ కిందికి జారాడు. అవ్వ రోకలి దించలేదు. "ఇంకొక్క మాటంటె నెత్తి మీదేస్త. జరుగు" అంది. మా నాయన జరిగాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒకరు చెబితే జరగడం అదే చూశాను. నాకు ఆ క్షణంలో సంతోషం కలిగింది. చెబితే బాగుండదు కానీ కలిగింది, ఒళ్ళంతా వేడెక్కేంత సంతోషం. "లచ్చిమీ, అక్క ఎంబడి పో" అంది అవ్వ. పోయాను.

పొలం గట్ల మీదుగా, బురదలో, మిట్ట ఎక్కాం. సున్నపు రాళ్ళ దగ్గర గంప బోర్లపడి ఉంది, ఎర్రటి అన్నం రాళ్ళ మీద చిమ్మి ఉంది. కాకులు దిగాయి. దాన్ని తొక్కుకుంటూనే అక్క అవతలికి వెళ్ళింది. బావను జొన్నచేను గట్టు మీద పడుకోబెట్టారు. తలకు చుట్టిన రుమాలు నల్లగా తడిసిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాడు. అక్కను చూసి, "పోరడేడి?" అన్నాడు. చెంగు తీసి చూపించింది. బండి కట్టారు. బోధన్ దవాఖానకు దారి ఒకటే, గుండ్లపేట లోపలి నుంచి. రెంజల్ వైపు చుట్టూ తిరిగి పోదామంటే ఆ వానకు రేగడిలో బండి దిగబడుతుంది.

సున్నపు రాళ్ళ దగ్గర దారికి ముళ్ళకంప అడ్డం ఉన్న చోటికి బండి వచ్చి ఆగింది. అవతల మావాళ్ళు కట్టెలు పట్టుకుని ఉన్నారు. అందరూ తెలిసినవాళ్ళే. అక్కను ఎత్తుకుని ఆడించినవాళ్ళు, ఆమె పెళ్ళిలో బువ్వ వడ్డించినవాళ్ళు. అక్క బండి దిగి కంప పట్టుకుని లాగబోయింది, అరచేతుల్లో ముళ్ళు దిగాయి. ఒక పెద్దమనిషి కళ్ళనీళ్ళు పెట్టుకుని అన్నాడు, "పొద్దు గుంకనీ బిడ్డా. గుంకినంక మేమే తీస్తం. ఊరంత పిల్లలున్నరు, గత్తర మల్తె ఎవలు బతుకుతరు?" అక్క బతిమాలింది, తిట్టింది, కంప ముందు సాష్టాంగపడింది. వాళ్ళు కదలలేదు. కంప మీద నుంచి చెంబుతో నీళ్ళు అందించారు. ఎండ పెరిగితే బావ మొహం మీద నీడకని ఒకడు తన కంబళి విసిరాడు. ఇంత దయ చూపారు, దారి మాత్రం ఇవ్వలేదు. వాళ్ళు చెడ్డవాళ్ళయి ఉంటే నేను ఈపాటికి మరిచిపోయేదాన్ని. మధ్యాహ్నం దాటాక బావ ఏదో గొణిగాడు, చివరికి గొణగడమూ మానేశాడు. పొద్దు ఇంకా బారెడు ఉంది.

పొద్దు గుంకగానే, ఇచ్చిన మాట ప్రకారం, వాళ్ళే వచ్చి కంప పక్కకు లాగారు. "ఇగ పోండ్రి బిడ్డా" అన్నారు. అక్క బండిని వెనక్కి తిప్పించింది.

పోలీసులు వచ్చారు. గుంపులో ఎవరి కట్టె తగిలిందో ఎవరికీ తెలియదని గుండ్లపేట చెప్పింది. మిట్టపల్లిలో అక్కను అడిగితే, "నేను సూడలే" అంది. నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. ఎందుకు చెప్పలేదని తర్వాత నిలదీశాను. "జైలుకు వోయొస్తె అయిపోయింది అనుకుంటడు. అయిపోవద్దు" అంది. నిజంగానే అయిపోలేదు. అన్న ప్రతి పంటకూ బండి నిండా బియ్యం మిట్ట మీదికి పంపేవాడు, బండి అట్లాగే తిరిగి వచ్చేది. ఆయన మళ్ళీ కట్టె పట్టలేదు. ఎడ్లను తోలడానికి కూడా పాలేరునే పెట్టుకున్నాడు. బాపు మణికట్టు వంకరగా అతుక్కుంది. ముద్ద కలుపుకోవడం చాతకాక ఎడమచేత్తో తిన్నాడు, పదిమందిలో కూర్చుని తినడం మానేశాడు. అవ్వ ఆయన పోయేదాకా వండిపెట్టింది, రోకలి ఆయనకు కనబడే చోటే నిలబెట్టింది. అక్క మాత్రం ఆ రోజు దాటిన సున్నపు రాళ్ళను ఈవలికి మళ్ళీ దాటలేదు. అవ్వ పోయినా రాలేదు. మిట్ట మీద నిలబడి పొగ చూసిందట.

ఇప్పుడు మిట్టపల్లి మా మున్సిపాలిటీలో ఒక వార్డు. సిమెంటు రోడ్డుంది, నల్లాలున్నాయి, నీళ్ళు మిట్టెక్కాయి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ కూత లేదు, చెరకు లేదు. దున్నపోతు బదులు గుమ్మడికాయ కొడుతున్నారు. పాత హద్దురాళ్ళు ఎవరి పునాదుల్లో పడ్డాయో ఎవరికీ తెలియదు. అప్పటికంటే ఇప్పుడు బాగుంది. పాతకాలం బంగారమని ఎవరైనా నా ముందు అంటే నేను లేచి వెళ్ళిపోతాను. ఆ కాలంలో మనుషులు ఒకరికోసం ఒకరు ఉండేవాళ్ళంటారు. ఉండేవాళ్ళు, కంపకు అవతల నీళ్ళ చెంబు పట్టుకుని.

ఈ ఎండాకాలంలో మా అన్న పోయాడు. మున్సిపాలిటీ వాళ్ళ వల్లకాడు మిట్టపల్లి పక్కనే ఉంది. మిట్టమధ్యాహ్నం శవాన్ని మోటారు బండిలో పెట్టుకుని ఎక్కుతుంటే, వార్డు మొదట్లో రోడ్డుకు అడ్డంగా నులక మంచం కనబడింది. దాని మీద అక్క. ఎముకల గూడు, కళ్ళు మాత్రం అవే. పక్కన ఆమె కొడుకు, తల నెరిసినవాడు, ఏం చెయ్యాలో తోచక నిలబడి ఉన్నాడు. అన్న కొడుకు దిగి, "అత్తా, జర జరుగు" అన్నాడు. ఆమె, "పొద్దు గుంకనీ" అంది. కుర్రవాళ్ళకు అర్థం కాలేదు. ఎవడో పోలీసుకు ఫోను చేస్తానన్నాడు. గుంపులో ఉన్న ఒక ముసలాయన వాడి చెయ్యి పట్టుకుని, "ఆగు కొడుకా, ఆమెకు హక్కున్నది" అన్నాడు. బండి ఆపేశారు.

నేను వెళ్ళి మంచం పట్టె మీద కూర్చున్నాను. ఆమె నావైపు చూడలేదు, బండివైపే చూసింది. ఎండకు రోడ్డు కాగింది. శవం మీది పూలు నల్లబడ్డాయి. మిట్టపల్లి ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి మావాళ్ళందరికీ పోశారు.  పొద్దు గుండ్ల వెనక్కి దిగాక అక్క లేచింది. కొడుకు పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుని, మంచాన్ని తానే ఈడ్చి పక్కకు పెట్టింది. "ఇగ తీస్కపోండ్రి" అంది. బండి కదిలి ఆమెను దాటింది. అప్పుడు ఆమె రెండు చేతులతో దాని వెనక తలుపు పట్టుకుని, "ఓ తమ్ముడా, నా సాయిలూ" అంటూ దానితోపాటు నడిచింది. ఆ సాయంత్రం మా అన్న కోసం అందరికంటే గట్టిగా ఏడ్చింది ఆమే.